అర గంట నేర్పి ఇంటికి పంపండి: శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి,

నమస్కారం.

నా దగ్గర ఒక కాగితం ఉంది. విశాఖలోని ఒక ఆసుపత్రి వెన్ను విరిగిన మా తమ్ముడిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి కాగితం. ముందు వైపు శస్త్రచికిత్స వివరాలు నిండుగా ఉన్నాయి. వెనక వైపు, ఇంటి దగ్గర ఏం చేయాలో చెప్పాల్సిన చోట, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు: వీపు సంరక్షణ, మూత్రాశయ సంరక్షణ, వ్యాయామం, నెల తరువాత రావాలి. నేను కవిటి మండలంలో ప్రభుత్వ బడిలో తెలుగు చెబుతాను. ఆ ముక్కలు చదవగలిగాను గాని, వాటిని ఎలా చేయాలో నాకూ తెలియలేదు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మా మరదలు ఆ కాగితాన్ని మడిచి దేవుడి పటం వెనక పెట్టింది.

2022 నవంబరులో మా తమ్ముడు కొబ్బరికాయలు దింపుతూ చెట్టు మీద నుంచి పడ్డాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ఉద్దానం ప్రాంతపు తోటలను నేలమట్టం చేసినప్పుడు మా పెరట్లో మిగిలిన ఏడు చెట్లలో అది ఒకటి. మిగిలినందుకు అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. పడ్డవాడిని చుట్టుపక్కల వాళ్ళు చంకల కింద చేతులు వేసి లేపారు, నీళ్ళు తాగించారు, ఆటోలో కూర్చోబెట్టి తీసుకువెళ్ళారు. వెన్ను విరిగిన మనిషిని అలా లేపకూడదని, మెడా నడుమూ మెలి తిరగకుండా చెక్క మీదికి చేర్చాలని మాలో ఒక్కరికీ తెలియదు. వాళ్ళను నేను తప్పు పట్టను. ఆ రోజు పరుగెత్తుకు వచ్చిన వాళ్ళే ఈ రోజుకీ మా ఇంటికి వచ్చి వాడిని పలకరిస్తారు.

శస్త్రచికిత్స ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద జరిగింది. మా నుంచి ఒక్క రూపాయి తీసుకోలేదు. విరిగిన ఎముకను రాడ్లతో, స్క్రూలతో నిలబెట్టారు. లోపలి వెన్నుపాము మాత్రం తిరిగి అతికేది కాదు. నాభి కింద నుంచి వాడికి స్పర్శ లేదు, కదలిక లేదు, మూత్ర విసర్జన మీదా మల విసర్జన మీదా అదుపు లేదు. ప్రాణం నిలిపిన ఆ వైద్యులకు మా కుటుంబం ఎప్పటికీ రుణపడి ఉంటుంది. పద్దెనిమిదో రోజున మంచం ఇంకొకరికి కావాలన్నారు. అదీ న్యాయమే. రెండు వందల కిలోమీటర్లకు పైగా దారి వాడు అంబులెన్సులో వెల్లకిలా, కదలకుండా వచ్చాడు. దారి పొడవునా ఒక్కసారి కూడా మేము వాడిని పక్కకు తిప్పలేదు. తిప్పాలని తెలిస్తే గదా.

మూడో రోజున నడుము కింద, త్రికాస్థి దగ్గర, రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ కనిపించింది. వేలితో నొక్కితే తెల్లబడని ఎరుపు. అది పుండుకు మొదటి మెట్టని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మేము ఉక్కపోతకు వచ్చిన పొక్కు అనుకుని పౌడరు చల్లాం. నెల తిరిగేసరికి ఆ గుంటలో నా బొటనవేలు పట్టేది. ఇంకో తప్పు కూడా చెబుతాను, దాచుకోవడానికి ఏముంది. కాళ్ళు చల్లగా ఉన్నాయని అమ్మ ఇసుక వేయించి, గుడ్డలో మూట కట్టి కాపడం పెట్టింది. వాడికి వేడి తెలియదు కనుక కాలు లాక్కోలేదు. మడమ మీద చర్మం ఊడి వచ్చేదాకా మాకెవరికీ తెలియలేదు. అమ్మ ఆ మూట కట్టిన గుడ్డను ఇప్పటికీ ముట్టుకోదు. స్పర్శ లేని కాలికి కాపడం పెట్టకూడదన్న ఒక్క మాట ఆసుపత్రిలో ఎవరైనా చెప్పి ఉంటే ఆ తల్లికి ఈ శిక్ష ఉండేది కాదు.

మూత్రానికి గొట్టం వేసి, సంచి తగిలించి పంపారు. ఎప్పుడు మార్చాలో తెలియక అది లోపలే మూసుకుపోయింది. జ్వరం, వణుకు, మళ్ళీ యాంటీబయోటిక్ సూదులు. ఏడు నెలల్లో ఐదుసార్లు ఇదే వరస. చివరికి ఒక నర్సు, ఎక్కడ పనిచేస్తుందో చెబితే ఆమెకు ఇబ్బంది కావచ్చు, వాడి చేతికి సన్నటి గొట్టం ఇచ్చింది. చేతులు సబ్బుతో కడుక్కుని, దాన్ని తానే పెట్టుకుని, మూత్రాశయం ఖాళీ చేసి, గొట్టం తీసేయడం నేర్పింది. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి అలా చేసుకోవాలి, నీళ్ళు తాగడం తగ్గించకూడదు, సంచి వేలాడదీసుకుని తిరగనక్కర్లేదు. నేర్పడానికి ఆమెకు పట్టిన సమయం అర గంట. అంతే. ఏడు నెలల జ్వరాలకు, అమ్ముకున్న రెండు జతల గాజులకు, వాడి బరువులో పోయిన పదకొండు కిలోలకు ఎదురుగా ఆ అర గంటను పెట్టి చూడండి. ఈ ఉత్తరం రాయించింది ఆ అర గంటే.

ఆ తరువాత నేను రాత్రిళ్ళు చదవడం మొదలుపెట్టాను. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మాన్ అనే వైద్యుడికి వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల విభాగం అప్పగించారు. అంతకు ముందు అటువంటి గాయమైన వారిలో ఎక్కువ మంది పుండ్లతో, మూత్రపు ఇన్‌ఫెక్షన్లతో త్వరగా కన్నుమూసేవారు. ఆయన రాత్రీ పగలూ రెండు గంటలకొకసారి వారి పక్క మార్పించాడు, చేతులకు పని చెప్పాడు, 1948లో పోటీలు పెట్టి ఆటలు ఆడించాడు. పారాలింపిక్స్ అక్కడ మొదలైంది. మన దేశంలో మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలికి 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసింది. 1966లో వెల్లూరులో పునరావాస కేంద్రాన్ని నిలబెట్టింది. తమిళనాడులోనే ఆయికుడి అనే పల్లెలో, ప్రమాదంలో మెడ కింద నుంచి కదలిక కోల్పోయిన రామకృష్ణన్ గారు 1981లో అమర్ సేవా సంగం ప్రారంభించారు. ఆయికుడి మా కవిటి వంటి పల్లెటూరే గనుక ఆ పేరు చదివినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. వెన్నుపాము గాయమైన వారు మిగతా వారికన్నా 2 నుంచి 5 రెట్లు ఎక్కువగా అకాల మరణం పాలవుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది. ఆ మాట చదివిన రాత్రి నేను లేచి వెళ్ళి వాడి గది తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

అయ్యా, మన జిల్లాకు ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన భయం ఉంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తంలో ఎంతో చెప్పగలిగే పిల్లలు నా తరగతిలో ఉన్నారు, ఎందుకంటే ఇంట్లో తాతదో నాన్నదో ఆ అంకె రోజూ వినబడుతుంది. వెన్నుపాము దెబ్బతిన్న వారి మూత్రాశయం నిండిపోయి ఒత్తిడి పెరిగితే మూత్రం వెనక్కి, కిడ్నీల వైపు తన్నుతుంది. నొప్పి తెలియదు గనుక మనిషికి సూచన ఉండదు. లోలోపల కిడ్నీలు పాడైపోతాయి. అందుకే వీరికి ఏడాదికొకసారైనా కడుపు స్కానింగు, క్రియాటినిన్ పరీక్ష ఉండాలి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మా ఊళ్ళలో రక్తనమూనాలు తీయడం ఆరోగ్య సిబ్బందికి కొత్త కాదు. పరీక్షలు చేసే జాబితాలో వెన్నుపాము గాయమైన వారి పేర్లు చేర్చమని అడుగుతున్నాను. దానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త ఉద్యోగం కూడా అక్కర్లేదు.

ఇంకొక ఏర్పాటు కూడా మన చేతిలో సిద్ధంగా ఉంది. ఆసుపత్రిలో పురుడు పోసుకుని ఇంటికి వచ్చిన బాలింత దగ్గరికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళుతుంది. బిడ్డను తూచుతుంది, బొడ్డు చూస్తుంది, తల్లికి జ్వరం ఉందేమో కనుక్కుంటుంది. ఎన్నో పసి ప్రాణాలు ఆ రాకపోకల వల్ల దక్కాయి. వెన్ను విరిగి ఇంటికి వచ్చిన మనిషి కూడా ఒక రకంగా అప్పుడే పుట్టినవాడు. ఒత్తిగిలడం దగ్గర నుంచి అన్నీ మళ్ళీ నేర్చుకోవాలి. అదే రోజుల లెక్కతో వాడి ఇంటికి కూడా ఒకరు రావాలి. చర్మం చూడాలి, గొట్టం చూడాలి, మడమల కింద దిండు పెట్టారో లేదో చూడాలి. నెలకొకసారి ఫిజియోథెరపిస్టు రావాలి. విశాఖలో మంచం దిగిన రోజునే మా ఊరి ఆరోగ్య కేంద్రానికి కబురు అందాలి. ఇప్పుడు మా ఊరి ఏఎన్ఎంకు మా తమ్ముడు వచ్చిన సంగతి తెలిసింది ఆరు వారాల తరువాత, రేషను దుకాణం దగ్గర మా అమ్మ ఏడుస్తుంటే.

గాయం ఎంత పైన తగిలితే చిక్కులు అంత వేరుగా ఉంటాయి. సోంపేట దగ్గర ఒక ఊళ్ళో ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడిని చూశాను. చెన్నైలో కట్టుబడి పనిలో పై అంతస్తు నుంచి పడి మెడ విరిగింది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, ముఖమంతా చెమట, రక్తపోటు ఆకాశానికి. ఊరి ఆర్‌ఎంపీ తలనొప్పి మాత్ర ఇచ్చి పడుకోబెట్టాడు. నిజానికి మూత్రపు గొట్టం మెలిపడి ఉంది, అంతే. మెడ దగ్గరో ఛాతీ పైభాగానో దెబ్బ తగిలిన వారికి కింద ఎక్కడైనా మూత్రమో మలమో అడ్డుపడితే శరీరం ఇలా తిరగబడుతుంది. వెంటనే లేపి కూర్చోబెట్టాలి, గొట్టం సరిచూడాలి, ఆలస్యమైతే మెదడులో రక్తస్రావం కూడా కావచ్చు. పడుకోబెట్టడం అక్కడ చేయకూడని పని. ఆ కుర్రవాడి వాళ్ళమ్మ సంచి మార్చబోయి గొట్టం మెలిక సరిచేయడం వల్ల గండం తప్పింది. వాళ్ళ ఇంటి గోడ మీద ఈ నాలుగు వాక్యాలు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అతికించి వచ్చాను. జిల్లా అచ్చు వేయించి ప్రతి కుటుంబానికీ ఇవ్వాల్సిన కాగితం అది.

ఇప్పుడు మా మరదలి గురించి రాయాలి. ఇంతవరకూ ఏ దరఖాస్తులోనూ ఆమె పేరు రాయడానికి గడి లేదు. ప్రమాదానికి ముందు జీడి పరిశ్రమలో పిక్కలు ఒలిచే పనికి వెళ్ళేది. ఇప్పుడు వెళ్ళలేదు. రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు: అలారం మోగినప్పుడల్లా లేచి వాడిని పక్కకు తిప్పుతుంది. ఆమె బరువు నలభై ఐదు కిలోలు. రెండో ఏడాదికి ఆమె నడుము కూడా పోయింది. నా మేనకోడలికి తొమ్మిదేళ్ళు. అద్దం పట్టుకుని నాన్న వీపు చూసి ఎరుపు ఉందో లేదో చెప్పడం ఆ పిల్ల పని. బడికి ఆలస్యంగా వచ్చినప్పుడు కారణం అడగడానికి నాకు నోరు రాదు. మరదలు ఒక రోజు నన్ను పెరట్లోకి పిలిచి, వదినా, మేము ఇంక మొగుడూ పెళ్ళాల్లాగా ఉండగలమా అని ఎవరిని అడగాలి అంది. నాకు జవాబు తెలియలేదు. ఇలాంటి దంపతులతో సిగ్గు పడకుండా మాట్లాడే, తెలిసిన ఒక వైద్యురాలు జిల్లాలో నెలకొక పూట కూర్చుంటే చాలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో, ఎక్కువ తోడ్పాటు అవసరమైన వారికి సంరక్షకుల భత్యం గురించి మాట ఉంది. చట్టంలో ఉన్న ఆ మాటను మా మరదలి చేతికి ఎలా చేర్చాలో ప్రభుత్వానికి మీరు సిఫారసు రాయండి.

పింఛను విషయంలో ప్రభుత్వానికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెబుతున్నాను. 2024 జూలైలో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారి పింఛను 5,000 నుంచి 15,000 రూపాయలకు పెరిగింది. గొట్టాలు, చేతి తొడుగులు, కట్టు గుడ్డలు, గాలి పరుపు మరమ్మతు అన్నీ కలిపి మాకు నెలకు ఏడెనిమిది వేలు అవుతాయి, ఆ డబ్బు లేకపోతే మేము నిలబడలేం. అయితే వైకల్య ధ్రువపత్రం చేతికి రావడానికి పదకొండు నెలలు పట్టింది. అప్పు పుట్టింది ఆ పదకొండు నెలల్లోనే. ధ్రువపత్రం పని ఆసుపత్రి మంచం దగ్గరే మొదలు కావాలి. మార్పుకు అవకాశం ఉందనుకుంటే కాలపరిమితితో ఇవ్వవచ్చని నిబంధనలే చెబుతున్నాయి. తిరిగి పరిశీలించాల్సి వస్తే బృందం ఇంటికి రావాలి. తెగిన వెన్నుపామును రుజువు చేయడానికి పుండు ఉన్న మనిషిని వరసలో కూర్చోబెట్టవద్దు.

మా ఊళ్ళలో ఇళ్ళు మీరు చూసే ఉంటారు. గోడకు గోడ ఆనుకుని, వీధి పొడవునా ఒకే వరసలో, ముందు ఎత్తైన అరుగు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు కట్టాలన్నది లెక్క. మా అరుగు రెండున్నర అడుగులు. ముప్పై అడుగుల వాలు ఏ వీధిలో పడుతుంది? పంచాయతీ ఇంజనీరు వచ్చి చూసి, ఇంటి పక్క సందులో మలుపు తిప్పి కట్టే దారి చూపాలి. మరుగుదొడ్డి తలుపు రెండడుగులు, గడప మీద మెట్టు. చక్రాల కుర్చీ అందులోకి పోదు. వాడు పదిహేను నెలలు మంచం మీదే అన్నీ కానిచ్చాడు. శిబిరంలో ఇచ్చిన కుర్చీ మంచి ఉద్దేశంతో ఇచ్చిందే కాని, వాడి నడుముకు వెడల్పు, కూర్చునే చోట వేలాడే రెగ్జిను, మెత్త లేదు. మానిన పుండు మళ్ళీ పగిలింది. కుర్చీని మనిషి కొలతలకు ఇవ్వాలి, ఒత్తిడి పంచే మెత్తతో ఇవ్వాలి.

ఆశ గురించి కూడా ఒక మాట. లేచి నడుస్తాడా అని మేము అడిగినప్పుడల్లా అందరూ చూద్దాం అన్నారు. ఆ చూద్దాం పట్టుకుని మేము ఒడిశా దాకా వెళ్ళి మూలికలు తెచ్చాం. పావురం నెత్తురు రాస్తే నరం కదులుతుందని ఎవరో అంటే అదీ చేశాం. దాదాపు లక్షన్నర రూపాయలు అలా పోయాయి. నిజం చెబితే మేము కుప్పకూలిపోతామని వైద్యులు జాలిపడి ఉంటారు. నిజం తెలిసిన రోజున మేము ఏడ్చాం, మర్నాడు వాడికి చేతులతో చేసే పని వెతకడం మొదలుపెట్టాం. చెప్పేటప్పుడు తీరిగ్గా కూర్చుని, తెలుగులో, ఇంట్లో వాళ్ళందరి ముందూ చెప్పే మనిషి ఒకరు కావాలి.

ఆ పనికి నాకు తెలిసి అందరికన్నా తగినవారు అదే గాయంతో బతుకుతున్నవారు. విజయనగరం వైపు నుంచి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. లారీ ప్రమాదంలో వెన్ను విరిగి పన్నెండేళ్ళయింది, సెల్‌ఫోన్లు బాగు చేసే దుకాణం నడుపుతున్నాడు. నున్నటి చెక్క ఒకటి వెంట తెచ్చాడు. మంచానికీ కుర్చీకీ మధ్య దాన్ని వంతెనలా వేసి ఎవరి సాయం లేకుండా ఎలా జరగాలో చేసి చూపించాడు. కుర్చీలో ఉన్నంతసేపూ పావు గంటకోసారి రెండు చేతుల మీద లేచి వీపు కింది ఒత్తిడి తీసేయడం చూపించాడు. మా తమ్ముడు అప్పటికి మూడు నెలలుగా ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. ఆ సాయంత్రం ఇద్దరూ తలుపు వేసుకుని రెండు గంటలు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో మేము అడగలేదు. బయటికి వచ్చాక వాడు అన్నం తానే వడ్డించుకున్నాడు.

ఇప్పుడు వాడూ ఫోన్లు బాగు చేస్తాడు. వీళ్ళిద్దరూ, సోంపేట కుర్రవాడూ కలిసి, వెన్ను విరిగి కొత్తగా ఆసుపత్రిలో చేరిన వారి దగ్గరికి వెళ్ళి కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నారు. వారికి వార్డులోకి వెళ్ళడానికి అనుమతి కార్డు, దారి ఖర్చు, చక్రాల కుర్చీ ఎక్కే బండి కావాలి. వారితో పాటు మూత్రపు గొట్టం పెట్టడం, పుండు కట్టడం నేర్పగల ఒక నర్సు కావాలి. డిశ్చార్జికి ముందు ఇంటివారి చేత రెండుసార్లు చేయించి, చూసి, ఆ తరువాతే పంపించాలి. నేను అడుగుతున్న అర గంట ఇదే.

వచ్చే సోమవారం అర్జీలు తీసుకునే చోటికి మా తమ్ముడు స్వయంగా వస్తున్నాడు. దారిలో గంటకోసారి కారు ఆపి ఒత్తిడి తీయాలి కనుక తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరతాం. పదకొండు గంటలకు వాడు మూత్రాశయం ఖాళీ చేసుకోవాలి. ఆ సమయానికి మెట్లు లేని చోట, తలుపు మూడడుగుల వెడల్పున్న ఒక శుభ్రమైన గది, చేతులు కడుక్కోవడానికి నీళ్ళూ సబ్బూ ఏర్పాటు చేయించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
కవిటి మండలం నుంచి ఒక ఉపాధ్యాయురాలు